పావుగంట బుద్ధిమంతురాలు

ఫిల్మ్ నగర్, హైదరాబాదు
9 జూలై 2002

పూజ్యులైన విశాలాక్షి వదినగారికి రత్నం నమస్కారాలు.

ఇక్కడ మీ తమ్ముడు, హిమజ, నేను బాగున్నాం. మీరూ అన్నయ్యగారూ బాగున్నారని తలుస్తాను. ఆవకాయ జాడీ పగలకుండా చేరింది. నా కిందటి ఉత్తరం ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపారు. పెళ్లయిన కొత్తలో ఉత్తరానికి నలభై తప్పులు వచ్చేవి, ఈసారి పదకొండే. ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని ఈ మాత్రం రాస్తున్నానంటే మీ చలవే.

వేసవిలో నెలన్నర మీ దగ్గర ఉండి వచ్చాక హిమజ కాస్త ఒళ్లు చేసింది. వచ్చిన కొత్తలో కాలి మడమ పైన ఎర్రగా గీరుకున్న మచ్చ ఉండేది, అది కూడా మాసిపోయింది. ఏమిటే అని అడిగితే "అత్తయ్యా నేనూ గుర్రం ఆట ఆడాం" అంది. ఆ ఆట నాకూ నేర్పమంటే మాత్రం నేర్పదు.

ఇక అసలు సంగతి. బడి నుంచి పిలిపించారు. జూబ్లీహిల్స్‌లో ఆ బడిలో సీటు దొరకడానికి మీ తమ్ముడు ఎంత తిరిగారో మీకు తెలుసు. మూడో తరగతి మొదలై నెల కూడా కాలేదు. నోటు పుస్తకంలో సగం రాసి వదిలేస్తుందట, పాఠం మధ్యలో లేచి కిటికీ దగ్గరకు పోతుందట, పేరు పెట్టి పిలిచినా పలకదట. మూడు నీళ్ల సీసాలు పోగొట్టింది. ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను చూడకుండా మీ తమ్ముణ్ణి చూసి అడిగింది: "చేతకాక చెయ్యట్లేదా, పొగరుతో చెయ్యట్లేదా? అది తేల్చి దసరా సెలవుల్లోపు డాక్టరు కాగితం తెండి. పొగరే అయితే టీసీ తీసుకోండి."

చేతకాకనా, పొగరుతోనా. ఆ మాట నా చెవిలో ఇంకా తిరుగుతోంది. పక్కింటికి కరివేపాకు కోసం పంపితే గంటకు తడి గౌనుతో వచ్చింది. దారిలో నీళ్ల ట్యాంకరు కారుతుంటే దాని కింద నిలబడిందట. కరివేపాకు సంగతి అడిగితే నిజంగానే తెల్లబోయింది. "అమ్మా, టీచర్ చెబుతున్నప్పుడు వింటూనే ఉంటాను, ఇంతలో వేరే రీలు తిరుగుతుంది. నేను తిప్పడం లేదు" అని ఏడ్చింది. పొగరున్న పిల్ల అలా ఏడుస్తుందా వదినగారూ?

చెక్‌పోస్టు దగ్గర కొత్తగా పిల్లల సెంటర్ పెట్టారు. కంప్యూటరుతో పరీక్ష చేసి పావుగంటలో తేల్చేస్తారట. మీ తమ్ముడు పేరు రాయించి వచ్చారు. ఏమవుతుందో మీకు రాస్తాను.

మీ ఆశీస్సులు కోరే
రత్నం


రామచంద్రాపురం
16 జూలై 2002

చి.ల.సౌ. రత్నానికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. ఏడు తప్పులు. దిద్ది ఇందులోనే పెట్టాను.

పిల్లలన్నాక కాళ్లూ చేతులూ గీరుకుంటాయి. ప్రతి మచ్చనూ ఉత్తరాలకు ఎక్కించనక్కర్లేదు. నా దగ్గర ఉన్న నెలన్నరా హిమజ ఎంతో బుద్ధిగా ఉంది. రోజుకు రెండు పేజీలు చూచిరాత రాసేది. ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, పిల్లలను కూర్చోబెట్టడం ఎలాగో నాకు తెలుసు. నా దగ్గర కూర్చున్న పిల్ల నీ దగ్గర కూర్చోదంటే లోటు ఎక్కడుందో నువ్వే ఆలోచించుకో.

కంప్యూటరు పరీక్ష మంచి పని. దానికి మొహమాటం ఉండదు, మనవాళ్లు పైవాళ్లు అని ఉండదు. తమ్ముడు ప్రకాశంతో ఫోనులో మాట్లాడాను. ఇంగ్లీషు ఫారాలు వాడే నింపుతాడు. డాక్టరు ముందు నువ్వు అడ్డు మాట్లాడి వాడి పరువు తియ్యకు. నా దగ్గర పిల్ల బాగానే ఉందని అందులో రాయమని చెప్పాను.

విశాలాక్షి


ఫిల్మ్ నగర్
27 జూలై 2002

పూజ్యులైన వదినగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే నేను నోరు తెరవలేదు. తెరిచి ఉంటే బాగుండేదని ఇప్పుడు ఏడుస్తున్నాను.

ఆ సెంటర్ చల్లగా ఉంది, గోడకు పెద్ద చేపల తొట్టి. వచ్చిన తల్లిదండ్రుల్లో సగం మంది మెడలో కంపెనీ బిళ్లలు వేలాడుతున్నాయి. నాకు కూర్చోవడానికే భయం వేసింది. డాక్టరమ్మ మా హిమజ కంటే పదిహేనేళ్లు పెద్దదేమో. మీ తమ్ముడి చేతికి నాలుగు పేజీల ఫారం ఇచ్చింది. ఆయన చెవికి సెల్ ఆనించుకుని, ఏదో డబ్బింగు రీలు గురించి మాట్లాడుతూనే టిక్కులు పెట్టారు. మధ్యలో ఒక్కటి మాత్రం నన్ను అడిగారు: "వస్తువులు పోగొట్టుకుంటుందా అని ఉంది, ఏం పెట్టనే?" "రోజూ అండీ" అన్నాను. టిక్కు పెట్టారు. బయటికి వచ్చాక హిమజే చెప్పింది, "అమ్మా, నాన్న 'రేర్లీ' దగ్గర పెట్టారు. రేర్లీ అంటే ఎప్పుడో ఒకసారి" అని. నాకు ఇంగ్లీషు రాదని నా ముందే నా మాట మార్చి రాశారు వదినగారూ.

అద్దం వెనక గదిలో హిమజను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. తెర మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం వస్తుంది. ఏ అక్షరం వచ్చినా మీట నొక్కాలి, ఎక్స్ వస్తే మాత్రం నొక్కకూడదు. అంతే పరీక్ష. పావుగంట. పిల్ల కదల్లేదు. బయటికి పరుగెత్తుకొచ్చి "నాన్నా, సింగిల్ టేక్!" అని డబ్బింగులో ఒక్కసారికే సరిపోయినప్పటిలా అరిచింది.

కాగితం అచ్చయి వచ్చింది. డాక్టరమ్మ చూసి నవ్వింది. "ఏడీహెచ్‌డీ అంటే ఏకాగ్రత లేకపోవడం. మీ పాపకి పెద్దవాళ్ల కంటే ఎక్కువ ఏకాగ్రత ఉంది. ఏ లోపమూ లేదు. ఇంట్లో డిసిప్లిన్ చూసుకోండి." ఆ చివరి మాట ఒక్కటే నన్ను చూసి అంది. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఎనిమిదేళ్లు పెంచినదాన్ని నేను. చేపల తొట్టినైనా రెండుసార్లు చూసింది గాని నన్ను చూడలేదు.

ఆ కాగితం బడిలో ఇచ్చాం. ప్రిన్సిపాల్ మేడమ్ ఫైలులో పెట్టి, "అయితే చేతనవును, చెయ్యదు. పొగరే" అని తేల్చేసింది. సోమవారం నుంచి హిమజను సంచితో సహా వరండాలో నిలబెడుతున్నారు. మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్తే చూశాను. హిమజ బడి ఆయా నీలమ్మ పక్కన కూర్చుని ఉంది. "దినాం గిట్లనే అమ్మా. లోపలికి పంపుతరు, గడియకు మళ్ల బయటికి. గీ పిల్లకు పొగరు లేదు. నా చీపురు పట్టుకొని ఊడుస్త అంటది, సగం ఊడ్చి యాడికో పోతది. నా మనుమడు గిట్లనే ఉంటుండె. జర మంచి డాక్టరుకు చూపియ్యరాదు?" అంది నీలమ్మ. ఆ బడిలో చదువు లేనిది నీలమ్మ ఒక్కతే. పిల్లను చూసింది కూడా ఆమె ఒక్కతే.

ఇంటికొస్తే పెన్సిలు డబ్బా లేదు. మీ తమ్ముడు మొదటిసారి చెయ్యి చేసుకున్నారు. "కంప్యూటర్ చెప్పాక ఇంకేంటే? చేతనై ఉండీ ఏడిపిస్తోంది మనల్ని" అన్నారు. లోపం లేదన్న కాగితం వచ్చాకే పిల్లకు దెబ్బలు మొదలయ్యాయి.

రత్నం


రామచంద్రాపురం
4 ఆగస్టు 2002

చి.ల.సౌ. రత్నానికి,

లోపం లేదని చెబితే కొబ్బరికాయ కొట్టే తల్లులను చూశాను గాని ఏడ్చే తల్లిని నిన్నే చూశాను. ఇరవై రెండేళ్లలో మా బడికి ఎందరో తల్లులు వచ్చి పిల్లలను వెనకేసుకొచ్చారు. ఏ ఒక్కరూ మా పిల్లకు రోగముందని రాసివ్వండి అనలేదు.

నీ మనసులో మాట నాకు తెలియకపోలేదు. హిమజ సినిమాల్లో చిన్నపిల్లలకు గొంతు ఇవ్వడం నీకు మొదటి నుంచీ ఇష్టం లేదు. రోగమని పేరు పెట్టి డబ్బింగు మాన్పించాలని చూస్తున్నావు. మా తమ్ముడి మీద కోపం పిల్ల నెత్తిన రుద్దకు. ఆయాలు చెప్పే వైద్యం మన ఇంటావంటా లేదు.

నీ ఉత్తరంలో ఈసారి తప్పులు దిద్దలేదు. విషయమే తప్పుగా ఉన్నప్పుడు అక్షరాలు దిద్ది ఏం లాభం?

విశాలాక్షి


ఫిల్మ్ నగర్
14 ఆగస్టు 2002

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపు వచ్చింది, రెండోసారి కోపం వచ్చింది, మూడోసారి మీరన్న డబ్బింగు మాట దగ్గర ఆగాను. అది మంచిదే అయింది, ఎందుకో చెబుతాను.

డబ్బింగు నాకు ఇష్టం లేకపోవడం కాదు. నేను ఎప్పుడూ ఆ థియేటరు లోపలికి వెళ్లలేదు, అంతే. మగవాళ్ల మధ్యలోకి ఎలా వెళ్లడమని గేటు దగ్గర దింపి వచ్చేసేదాన్ని. ఈ ఆదివారం మాత్రం సిగ్గు పక్కన పెట్టి లోపలికి వెళ్లి, మీ తమ్ముడు కూర్చునే మెషీన్ల గదిలో ఓ మూల కూర్చున్నాను.

వదినగారూ, మీరు ఎప్పుడూ చూడలేదు కనుక రాస్తున్నాను. అద్దం వెనక చీకటి గది. హిమజ ఎత్తు స్టూలు మీద, చెవులకు హెడ్‌ఫోన్లు. ఎదురుగా తెర. సినిమాను చిన్న చిన్న ముక్కలు చేసి వేస్తారు, లూపులంటారట, ఒక్కోటి పది పదిహేను సెకన్లు. ఎర్ర లైటు వెలుగుతుంది. తెర మీద పిల్ల నోరు తెరిచిందా, హిమజ మాట్లాడాలి. నోరు మూసిందా, హిమజ ఊపిరి కూడా వినపడకూడదు. ముక్క అయిపోగానే మీ తమ్ముడు దాని చెవిలో "సూపర్ రా కన్నా" అంటారు. మళ్లీ ఎర్ర లైటు. పిల్ల బొమ్మలా కూర్చుంది. ఇది ఆ సెంటర్‌లో చేసిన పరీక్షే! అక్షరం వస్తే నొక్కు, ఎక్స్ వస్తే ఆగు. నోరు తెరిస్తే మాట్లాడు, మూస్తే ఆగు. ఐదో ఏటి నుంచి అది చేస్తున్న పనే తీసుకొచ్చి కంప్యూటరు దానికి పరీక్ష పెట్టింది. ఇక తప్పుతుందా?

తర్వాత మెషీన్ ఏదో మొరాయించి పది నిమిషాలు ఎర్ర లైటు ఆగింది. అప్పుడు చూడాలి. మైకుకు తొడిగిన స్పాంజి గిల్లి పారేసింది. హెడ్‌ఫోన్ మర విప్పింది. స్టూలు తలకిందులు చేసింది. డైలాగు కాగితాలతో పడవలు చేసి, ఎక్కడ పెట్టిందో మరిచిపోయి వెతికింది. అక్కడున్న వాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. "లైట్ లేకపోతే ఇంతేనమ్మా, ఇద్దరం పట్టుకోవాలి" అని నవ్వారు. మూడేళ్లుగా వాళ్లకు తెలిసిన సంగతి ఆ ఫారంలో ఎక్కడుంది? ఇంట్లో ఎర్ర లైటు లేదు. బడిలో లేదు. పది సెకన్లకోసారి చెవిలో మెచ్చుకునే నాన్న బడిలో ఉండడు.

మీ తమ్ముడికి చెప్పాను. నవ్వి, "ఐదో క్లాసు చదివి కంప్యూటర్‌కి తప్పులు పడుతున్నావా?" అన్నారు. ఆయన నమ్మకం నాకు అర్థమవుతుంది. థియేటర్లో టేపు మెషీన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టినప్పుడు ఈయన నేర్చుకున్నారు, నిలబడ్డారు. నేర్చుకోని హనుమంతు గారిని ఇంటికి పంపేశారు. కంప్యూటరు తప్పు చెప్పిందంటే ఆయన కాళ్ల కింద నేల కదులుతుంది. నేను కంప్యూటరును అబద్ధమనడం లేదు, అది అడిగింది ఒక్క ప్రశ్నే అంటున్నాను. అంత చదువుకున్న వాళ్లకు ఇది నేనా చెప్పాల్సింది?

శుక్రవారం నీలమ్మ చెప్పిన డాక్టరు దగ్గరకు హిమజను తీసుకెళ్తున్నాను. వెంగళరావు నగర్‌లో ఉంటారు, అచ్యుతరామయ్యగారని పెద్దాయన. కళ్లు, చెవులు, కాళ్లు చేతులు అన్నీ మొదటి నుంచి చూస్తారట, ఎక్కడెక్కడ ఎలా ఉంటుందో అన్నీ అడుగుతారట. మీ తమ్ముడికి ఇంకా చెప్పలేదు. మీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

రత్నం


రామచంద్రాపురం
21 ఆగస్టు 2002

రత్నానికి,

కాళ్లు చేతులు చూస్తారా? చూపించు. నీ మొదటి ఉత్తరంలో మడమ మచ్చ సంగతి ఎత్తినప్పుడే నీ ఎత్తు నాకు తెలిసింది. అడగదలుచుకుంటే నన్ను సూటిగా అడగాల్సింది. గుర్రం ఆట అని వెటకారాలు రాసి, నేర్పమంటే నేర్పదని దెప్పి, ఇప్పుడు ఊళ్లో డాక్టర్లందరికీ చూపిస్తానని బెదిరిస్తున్నావు.

అవును, కట్టాను. ఒక్క మధ్యాహ్నం. చూచిరాత పూర్తయ్యేదాకా కిటికీ ఊచకు కాలు కట్టాను. మెత్తటి చీర అంచుతోనే కట్టాను. పిల్ల లాగి లాగి గీరుకుంటే నాదా తప్పు? మా కాలంలో ఇంతకు పదింతలు చేసేవారు, మేము చదువుకోలేదా? వెళ్లి ప్రకాశంతో చెప్పు. అందరితో చెప్పు.

విశాలాక్షి


ఫిల్మ్ నగర్
2 సెప్టెంబరు 2002

వదినగారికి,

నాకు తెలియదు.

ఒట్టు వేసి చెబుతున్నాను, మీరు రాసేదాకా నాకు తెలియదు. పిల్ల ఆట అంది, ఆట అనుకున్నాను. మీ ఉత్తరం చదివి వంటింట్లో ఎంతసేపు కూర్చున్నానో గుర్తు లేదు, గిన్నె మాడిన వాసన వస్తే లేచాను. హిమజను ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాను. "అత్తయ్య కట్టేస్తే నేను గుర్రాన్ని అనుకున్నా అమ్మా. అప్పుడు ఏడుపు రాదు" అంది. మూడు నెలలు అది మీ పరువు కాపాడింది వదినగారూ. ఎనిమిదేళ్ల పిల్ల. దానికి పొగరట!

నా పిల్లను పశువులా కట్టి, నాకు పెంచడం రాదని రాశారు. నెలన్నరా బుద్ధిగా ఉందని తమ్ముడితో చెప్పి ఫారంలో ఎక్కించారు. ఆ అబద్ధం, ఆ 'రేర్లీ', ఆ పావుగంట కాగితం, మూడూ కలిసి నా బిడ్డను వరండాలో నిలబెట్టాయి. పెద్దవారు మీరు. ఇలా రాయడం తప్పయితే ఎర్ర సిరాతో దిద్ది పంపండి.

అయినా ఈ ఉత్తరం అందుకు రాయడం లేదు.

అచ్యుతరామయ్యగారి దగ్గరకు రెండుసార్లు వెళ్లాం. వాళ్ల ఇంటి ముందు గదే ఆసుపత్రి. పిల్ల కళ్లు చూశారు, చెవులు చూశారు. తర్వాత పిల్లను పెరట్లోకి వదిలి, నన్ను కూర్చోబెట్టి "చెప్పమ్మా, మొదటి నుంచి" అన్నారు. నన్నే! కొంగు అంచు మెలిపెడుతూ కూర్చున్నాను. "తొందరేం లేదు. దీన్ని ఎనిమిదేళ్లు చూసినదానివి నువ్వు. నాకు నువ్వే పుస్తకం" అన్నారు. గంటన్నర చెప్పాను. మూడో ఏట పాలగ్లాసు చేతిలో పట్టుకుని గ్లాసు కోసం వెతకడం దగ్గర నుంచి చెప్పాను. నోటు పుస్తకాలన్నీ తెమ్మన్నారు, తేదీల వారీగా తిరగేశారు. తెలుగులో అచ్చువేసిన ఫారం ఇచ్చి, ఒకటి నన్ను నింపమన్నారు, ఒకటి క్లాసు టీచరుకు పంపారు.

కంప్యూటరు కాగితం చూపించి, "ఇది చించెయ్యమంటారా?" అన్నాను కోపంగా. ఆయన దాన్ని జాగ్రత్తగా మడిచి ఫైలులో పెట్టారు. "ఎందుకమ్మా? ఆ పావుగంట సంగతి అది నిజమే చెప్పింది. ఇలాంటి పిల్లలు కొత్త చోట, ఎదుట మనిషి ఉంటే, తెర ముందు అయితే బాగానే కూర్చుంటారు. కూర్చున్నారు గనక లేదనీ, కూర్చోలేదు గనక ఉందనీ ఆ ఒక్క కాగితంతో తేల్చకూడదు. మిగతా రోజంతా ఎవరిని అడగాలో వాళ్లను అడగలేదు, అదే తప్పు" అన్నారు.

ఆయన చెప్పింది ఇదీ. ఇంట్లో ఉందంటే చాలదట, బడిలో ఉందంటే చాలదట, వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషుల దగ్గర, చిన్నప్పటి నుంచీ ఉందా అని చూడాలట. "అమ్మానాన్నలు కాకుండా దీన్ని ఎక్కువ రోజులు దగ్గర ఉంచుకున్న వాళ్లెవరైనా ఉన్నారా? వాళ్ల చేత ఉన్నదున్నట్టు రాయించు" అన్నారు.

ఉన్నారు. మీరే.

నెలన్నర మీ దగ్గర ఏం జరిగిందో అంతా రాయండి. కట్టిన మధ్యాహ్నం సంగతి ఒక్కటే కాదు, ఎందుకు కట్టాల్సి వచ్చిందో రాయండి. మీరు నిజం రాస్తే హిమజ తరగతిలో కూర్చుంటుంది. రాయకపోతే మీ బుద్ధిమంతురాలు టీసీ తీసుకుని ఇంటికి వస్తుంది. నన్ను ఏమైనా అనుకోండి. దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి.

రత్నం


రామచంద్రాపురం
14 సెప్టెంబరు 2002

రత్నానికి,

పది రోజుల నుంచి కాగితం తీస్తున్నాను, పెడుతున్నాను. కొట్టివేతలు ఉన్నాయి, సరిచేసి మళ్లీ రాసే ఓపిక లేదు. డాక్టరుగారికి ఇలాగే చూపించు.

ఏప్రిల్ ఆఖరున వచ్చింది. మొదటి రోజే చెప్పుల్లో ఒకటి పోగొట్టింది. చూచిరాతకు కూర్చోబెడితే మూడు వరసలు రాసి లేచేది. తిడితే కూర్చునేది, మళ్లీ లేచేది. లేచానని దానికే తెలిసేది కాదు. నేను గద్దిస్తే ఉలిక్కిపడి తన కాళ్లవైపు చూసుకునేది, ఎవరో నడిపించినట్టు. అప్పుడు అది నటన అనుకున్నాను. అన్నం తింటూ మధ్యలో పోయేది. స్నానానికి పంపితే బకెట్టు నిండి పొర్లుతుండేది, పిల్ల గోడ మీద చీమలను చూస్తుండేది. కథ చెబితే మాత్రం గంటసేపు కదిలేది కాదు. అందుకే నాకు కోపం పెరిగింది. కథకు కూర్చునే పిల్ల రాతకు ఎందుకు కూర్చోదు అని.

మే పందొమ్మిదిన మా హెడ్‌మాస్టరు సత్యనారాయణమూర్తిగారు ఇంటికి వచ్చారు. నా మేనకోడలు రాసిన పుస్తకం చూపిస్తానన్నాను. తెరిస్తే ఒక్క పేజీ కూడా పూర్తిగా లేదు, అంచుల నిండా బొమ్మలు. ఆయన నవ్వారు. ఆయన వెళ్లగానే కట్టాను. రాసిన నలభై వరసల్లో ముప్పై తప్పులు. నెలన్నరలో పూర్తయింది ఆ రెండు పేజీలే. మిగతావి దాని చెయ్యి పట్టుకుని నేనే రాయించాను. ప్రకాశంతో అబద్ధం చెప్పాను. నా దగ్గర ఒక పిల్ల కూర్చోలేదని ఎలా చెప్పను?

డాక్టరుగారికి రాయాల్సింది ఇంతే. నీకు రాయాల్సింది ఇంకోటి ఉంది. పదేళ్ల కిందట నా నాలుగో తరగతిలో భిక్షం అని ఒకడుండేవాడు. అచ్చం ఇలాగే. ఏడాదంతా బల్ల ఎక్కించి నిలబెట్టాను. వాడు బడి మానేశాడు. నేను గెలిచాననుకున్నాను.

నీ ఉత్తరంలో ఏ తప్పూ లేదు.

విశాలాక్షి


ఫిల్మ్ నగర్
29 సెప్టెంబరు 2002

పూజ్యులైన వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం డాక్టరుగారు రెండుసార్లు చదివారు. "తన కాళ్లవైపు చూసుకునేది" అన్న చోట పెన్సిలుతో గీత గీశారు. "చదువు చెప్పే కళ్లు ఇవి. ఆలస్యంగానైనా చూశాయి" అన్నారు.

ఈసారి మీ తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లాను. రానంటే, "మీరు పెట్టిన టిక్కు మీరే వచ్చి మార్చండి" అన్నాను. పెళ్లయి పదేళ్లలో ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. ఆయన మీ ఉత్తరం చదివి బయటికి వెళ్లి స్కూటరు దగ్గర నిలబడ్డారు. చాలాసేపటికి లోపలికి వచ్చి, "నాకు తెలీదండీ. నేను చూసేది థియేటర్లోనే, అక్కడ అది బంగారం" అన్నారు. డాక్టరుగారు "అక్కడ మీరు పది సెకన్లకోసారి మెచ్చుకుంటారు కదా. ఇంట్లో ఎన్నిసార్లు?" అన్నారు. మీ తమ్ముడు మీ మీద కోపంగానే ఉన్నారు, కొన్నాళ్లు ఫోను చెయ్యరేమో. నేను మాత్రం డాక్టరుగారికి ఇంకోటి కూడా చెప్పాను. నిరుడు ఒక రోజు నేనూ దాన్ని బాత్రూములో పెట్టి గడియ వేశాను. మిమ్మల్ని ఒక్కరినీ దోషిని చేసి కూర్చోలేను.

ఏడీహెచ్‌డీ ఉందనే రాసిచ్చారు. మందు సంగతి రెండు నెలలు చూసి ఆలోచిద్దామన్నారు. ముందు బడిలో టీచరు పక్క బల్ల, పేజీ పనిని నాలుగు ముక్కలు చేసి ఇవ్వడం, ముక్కకోసారి ఒక మంచి మాట. లూపుల్లాగే కదండీ అన్నారు మీ తమ్ముడు.

ఆ కాగితం తీసుకుని ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరకు నేనే వెళ్లాను. ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "అది కంప్యూటర్ రిపోర్టు. ఇది ఎవరో పెద్దాయన చేతిరాత. దేన్ని నమ్మమంటారు?" అంది. "మేడమ్, కంప్యూటరు పావుగంట చూసింది. మీ టీచరు నాలుగు నెలలుగా చూస్తోంది. కుదురు లేదని మమ్మల్ని పిలిపించింది మీరే. మీ టీచరు మాట మీకే నమ్మకం లేదా? చేతకాకనా, పొగరుతోనా అని అడిగారు. చేతకాకే. ఎనిమిదేళ్ల పిల్లను రెండు నెలలు వరండాలో నిలబెట్టారు. ఆ వరండా ఏ కాగితంలో రాశారో చూపించండి" అన్నాను. ఆమె నన్ను అప్పుడు చూసింది, మొదటిసారి.

టీసీ మాట ఇప్పటికి వెనక్కి తీసుకున్నారు. ఏడాది పరీక్షల దాకా చూస్తారట. హిమజ ఇప్పుడు మొదటి బల్ల మీద కూర్చుంటోంది. నిన్న లెక్కలు సగం చేసి సగం వదిలేసింది. నీళ్ల సీసా నాలుగోది కూడా పోయింది. నీలమ్మ "వరండ బోసిగుంది బిడ్డా, అప్పుడప్పుడన్న వచ్చి పలకరియ్యి" అని ఏడిపిస్తోందట.

దసరా సెలవులకు హిమజను పంపమని అన్నయ్యగారు కార్డు రాశారు. పంపను. నేనే తీసుకొస్తాను. పది రోజులు ఉంటాం. ఆ కిటికీ ఎక్కడో నాకు చూపించండి. రోజూ మధ్యాహ్నం దాని కింద చాప వేసుకుని హిమజ, నేను, మీరు ముగ్గురం కూర్చుందాం. నాలుగు వరసలు అది రాస్తుంది, తర్వాత లేచి పోతుంది. పోనిద్దాం. తిరిగి వచ్చేదాకా ఆ చోటు అలాగే ఉంచుదాం.

ఎర్ర సిరా సీసా మాత్రం పైన ఎక్కడైనా పెట్టెయ్యండి.

మీ మరదలు
రత్నం